ఏకవచనమును వెదకు యంత్రము

కొంతకాలముగా మన పాఠశాలకు వచ్చు తల్లిదండ్రులలో కొందఱు నన్నొక ప్రశ్న అడుగుచున్నారు. "మాస్టారూ, పిల్లలు ఇంగ్లీషులో ఏమి వ్రాసినను చేతిలోని ఫోను తప్పులు దిద్దుచున్నది గదా. బహువచనమును ఏకవచనముగా మార్చు సాఫ్ట్‌వేరు సైతము వచ్చినదట. ఇంకను ఈ వచనముల పట్టికలను వల్లె వేయించుట యెందులకు?" అని వారి సందేహము. ప్రశ్న న్యాయమైనదే. పగలెల్ల పొలమునందో, దుకాణమునందో శ్రమించి జీతము కట్టు తండ్రికి, తన బిడ్డ కాలము దేనిపై వ్యయమగుచున్నదో అడుగు హక్కు కలదు.

నా అభిప్రాయమును ముందుగానే చెప్పుదును. పట్టికను వల్లె వేయించుట మానవచ్చును. దానికై నేను వగవను. కాని పట్టికలోని విషయమును మానరాదు. అంతేగాక, ఆ సాఫ్ట్‌వేరును కట్టినవారు పడిన పాట్లను పిల్లలకు చూపినచో, పట్టిక నేర్పలేనిది వారు నేర్చుకొందురని నా నమ్మకము.

పని చూచుటకు మిక్కిలి సులభము. ఇంగ్లీషు నామవాచకము చివర ఎస్ అను అక్షరమున్న దానిని తీసివేయుము; బుక్స్ అనునది బుక్ అగును. ఏ తరగతిలో నడిగినను మొదట చేయి యెత్తిన బాలుడు ఈ నియమమునే చెప్పును. రెండవవాడు లేచి, "అట్లయిన బస్ అను మాట ఏమగును?" అని అడుగును. ఎస్ తీసినచో మిగులునది బి, యు అను రెండక్షరములే. మూడవవాడు హాజరుపట్టీ వంక చూచి నవ్వును. అందు థామస్ కలడు, జేమ్స్ కలడు, మోజెస్ కలడు, శ్రీనివాస్ కలడు. వీరందఱు ఒక్కొక్కరే గాని పలువురు కారు గదా!

ఈ నవ్వు మన పిల్లలదే కాదు. 1980వ సంవత్సరమున మార్టిన్ పోర్టర్ అను ఆంగ్లేయుడు ఇంగ్లీషు పదముల తుదలను కత్తిరించు ఒక పద్ధతిని ప్రకటించెను. నేటికిని కంప్యూటరు విద్య నేర్చువారిలో పలువురు దానిని చదువుచునే యున్నారు. బహువచనములకు సంబంధించిన దాని మొదటి మెట్టున నాలుగే నియమములు. పదము చివర ఎస్.ఎస్.ఇ.ఎస్. ఉన్నచో ఎస్.ఎస్. మాత్రము నిలుపుము; ఐ.ఇ.ఎస్. ఉన్నచో ఐ మాత్రము నిలుపుము, ఎస్.ఎస్. ఉన్నచో ముట్టకుము, ఒంటి ఎస్ ఉన్నచో తీసివేయుము. ఈ నియమములచే పొట్టి గుఱ్ఱములను దెలుపు పోనీస్ అను మాట పి, ఓ, ఎన్, ఐ అను నాలుగక్షరములుగా తేలును. అట్టి వర్ణక్రమముగల మాట ఇంగ్లీషున లేదు. న్యూస్ అను వార్త న్యూ అను క్రొత్తదనముగా మాఱును. గ్యాస్ అనునది జి, ఎ అను రెండక్షరములకు కుదించుకొనిపోవును. థామస్ నుండి ఎస్ రాలి థోమా మిగులును. మన తెలుగు బైబిలునందు ఆ శిష్యుని పేరు తోమాయే గనుక, ఈ ఒక్కచోట మాత్రము యంత్రము పొరపాటున మనవారి దారి పట్టినదనవచ్చును.

అయితే పోర్టరును పరిహసించుట న్యాయము కాదు. ఆయన వ్యాకరణము వ్రాయబూనలేదు. గ్రంథాలయమున ఒక విషయమును వెదకువాడు ఏకవచనము వ్రాసినను, బహువచనము వ్రాసినను, రెండింటికిని ఒకే అరలోని పుస్తకములు దొరకవలెనన్నదే ఆయన కోరిక. ఆ అరపై నున్న చీటి నిఘంటువులోని పదము కానక్కఱలేదు. రెండు రూపములకును ఒకే చీటి యుండిన చాలును. యంత్రము తప్పు చేసినదని చెప్పుటకు ముందు అది ఏ పనికై పుట్టినదో తెలిసికొనవలెను. దుక్కిటెద్దు బండి పందెమున ఓడినదని దానిని నిందింతుమా?

తరువాత ఆయనయే తన పద్ధతిని సవరించి రెండవ రూపమును సిద్ధపఱచెను. అందు నియమములకు లొంగని మాటలను వేఱుగా నొక చిన్న పట్టికయందు చేర్చెను. న్యూస్, అట్లాస్, కాస్మోస్, బయాస్, ఆండీస్ పర్వతముల పేరు: వీనిని ముట్టకుమని యంత్రమునకు ఆజ్ఞ. స్కైస్ అనగా ఆకాశములు. స్కీస్ అనగా మంచుపై జాఱుటకు కాళ్లకు కట్టుకొను పలకలు. నియమమునకు విడిచినచో రెండును ఒకే చీటి క్రిందికి వచ్చును గనుక వానిని విడదీయుటకు రెండు పంక్తులు వ్రాయవలసివచ్చెను. ఇంగ్లీషున సోమరితనముగా అను అర్థమిచ్చు ఐడ్లీ అను మాటకును ఆ పట్టికలో చోటున్నది. దాని వర్ణక్రమమును మన విద్యార్థులు ఉదయపు ఫలాహారముగా చదువుదురు. మన ఫలహారశాలల పలకలపై కూడ అట్లే యుండును. ఆ పట్టికను నేను తరగతిలో చెప్పినప్పుడు కలిగిన కోలాహలమును అణచుటకు కొంత సేపు పట్టినది.

పోర్టరు మార్గమునకు వేఱైన మార్గము ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమువారిది. అచ్చట జార్జి మిల్లర్ అను పండితుడు 1985లో వర్డ్‌నెట్ అను కంప్యూటరు నిఘంటువును ఆరంభించెను. అందలి పద్ధతి ప్రకారము మొదట అపవాదముల జాబితాను చూడవలెను, అందు లేనిచో తుదను కత్తిరించి, మిగిలినది నిఘంటువులో కలదా యని సరిచూడవలెను, ఉన్నచోనే అంగీకరింపవలెను. ఇది మంచి విద్యార్థి లక్షణము. కాని ఈ జాగ్రత్తయు ఒక్కొక్కప్పుడు మోసపోవును. ఉండెను అను అర్థముగల వాజ్ అను క్రియను, అది క్రియయని చెప్పకయే యంత్రమున కిచ్చినచో, దానిని నామవాచకముగా నెంచి ఎస్ తీసివేయును. మిగిలిన డబ్ల్యు, ఎ అను రెండక్షరములు నిఘంటువులో ఉన్నవా యని చూచును. ఉన్నవి! అవి అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రమునకు సంక్షేపరూపము. సరిచూచితినని యంత్రము తృప్తి చెందును. అర్థము చూడక నిఘంటువున మాట యున్నదని మాత్రమే చూచి ఉత్తరము వ్రాయు విద్యార్థులు మన యొద్దను కొందఱు కలరు, పేర్లు చెప్పను.

ఇంకొక ఉదాహరణము నాకు మిక్కిలి ఆసక్తికరముగా దోచినది. 2004లో వెలువడిన రూబీ ఆన్ రెయిల్స్ అను సాధనముతో ఎందఱో వెబ్‌సైట్లు నిర్మించిరి. అందు ఒక వస్తువు పేరును ఏకవచనమున వ్రాసినచో, దానికి సంబంధించిన వివరముల పట్టిక పేరును యంత్రము బహువచనముగా తానే కల్పించుకొనును. అటునుండి ఇటును మార్చుకొనును. పర్సన్ అన్నచో పీపుల్ అను పట్టికను వెదకును. ఈ మార్పునకు నియమములు కొన్ని, అపవాదములు కొన్ని వ్రాసిరి. కాలక్రమమున ఆ నియమములలో లోపములు బయటపడెను. దిద్దుదమని ఔత్సాహికులు ముందుకు రాగా, నిర్వాహకులు అంగీకరింపమని ప్రకటించిరి. కారణమేమనగా, ఆ తప్పు రూపములపై ఆధారపడి అప్పటికే అనేకులు తమ కట్టడములు కట్టుకొనియుండిరి. పునాదిలోని వంకర యిటుకను సరిచేయబోయిన మేడ కూలును. వారి నిర్ణయము వివేకమైనదే. కాని విద్యార్థులు గమనింపవలసినదేమనగా, యంత్రము నోటినుండి వచ్చినంత మాత్రమున ఒక రూపము సాధువు కానేరదు. అది తప్పని తెలిసియు నిలుపుకొన్నదైనను కావచ్చును. దానిని గుర్తించువాడు భాష తెలిసినవాడే.

ఇక అసలు చిక్కునకు వత్తము. ఏకవచనమునుండి బహువచనమునకు పోవు బాట ఒక్కటే. తిరిగి వచ్చునప్పుడు అది చీలును. లీవ్స్ అను మాట ఆకులా, సెలవులా? యాక్సెస్ అని చదువు మాట గొడ్డండ్లా, అక్షములా? పదమును ఒంటిగా చూచి ఎవరును చెప్పజాలరు. ఇది ఇంగ్లీషునకే పట్టిన పీడయని యనుకొనవలదు. మన ఇండ్లలోని మాటనే చూడుడు. "బళ్లు వచ్చినవి" అనగా ఏమి వచ్చినవి? బండి బహువచనము బళ్లు, బడి బహువచనము బళ్లు. వేళ్లు అనునవి చేతి వ్రేళ్లో, చెట్టు వేరులో! పళ్లు అనగా నోటిలోనివియు, బుట్టలోనివియు. ఏడు అనగా సంవత్సరము, దానికి బహువచనము ఏళ్లు. ఏఱు అనగా ప్రవాహము, దానికిని ఏళ్లే. "ఆయన మూడేళ్లు దాటి వచ్చినాడు" అన్నచో మూడు సంవత్సరముల తరువాత వచ్చెనో, మూడు ప్రవాహములను దాటి వచ్చెనో చెప్పుట కష్టము. మన జిల్లాలలో గుంటలు అను మాటయు నట్టిదే: గుంటడును కావచ్చును, గుంటయను చిన్నపిల్లయును కావచ్చును, వానకు నీరు నిలిచిన గుంటయును కావచ్చును. గ్రంథములందు ఏండ్లు, బండ్లు అని వ్రాసి కొంత సందిగ్ధమును తొలగించుకొందుము. నోటి మాటకు ఆ వెసులుబాటు లేదు.

1958లో జీన్ బెర్కో అను అమెరికా పండితురాలు చిన్నపిల్లలకు ఒక వింత పిట్ట బొమ్మను చూపి, దానికి వగ్ అని లేని పేరు పెట్టి, అట్టివి రెండున్నచో ఏమందురని అడిగెను. ఎన్నడును వినని మాటకు సైతము పిల్లలు బహువచనమును సరిగా చెప్పిరి. నేనీ పరీక్షను త్రిప్పి మన తొమ్మిదవ తరగతిలో జరిపితిని. బూళ్లు అను అర్థములేని మాటను నల్లబల్లపై వ్రాసి, ఒక్కటైన ఏమందురని అడిగితిని. కాళ్లు–కాలు వలె బూలు అని కొందఱు. గోళ్లు–గోరు వలె బూరు అని కొందఱు. గుళ్లు–గుడి వలె బూడి అని కొందఱు. రాళ్లు–రాయి వలె బూయి అని వెనుక బల్లలవారు. నాలుగు పక్షములవారును తమ తమ ఉదాహరణములతో వాదించిరి. గంట కొట్టువఱకు నేను చేసినది వినుట మాత్రమే. పట్టిక వల్లె వేయించిన ఏ దినమునను అంతటి శ్రద్ధ ఆ తరగతిలో నేను చూడలేదు.

ఏకవచనమే లేని మాటల సంగతి యొకటి కలదు. పాలు, నీళ్లు, వడ్లు, కందులు, పెసలు, మినుములు: వ్యాకరణమున వీనిని నిత్యబహువచనములందురు. వడ్లు బహువచనము, దంచినచో బియ్యము, ఏకవచనము! రోకటి పోటునకు వచనము సైతము మాఱినదన్నమాట. రెయిల్స్ యంత్రమునందలి అపవాదముల జాబితాలో రైస్ అను బియ్యమునకును చోటున్నది. ఫిష్, షీప్, మనీ, ఇన్ఫర్మేషన్ అను మాటలతోపాటు దానిని మార్పు చేయక విడువవలెనని ఆజ్ఞ. మన పిల్లలు ఇన్ఫర్మేషన్స్ అనియు, ఫర్నిచర్స్ అనియు వ్రాయుట చూచి విసుగుకొను ఉపాధ్యాయులు, వడ్లగింజ యని చెప్పవలసిన చోట ఒక వడ్లు అన్న పరదేశీయునితో మనమెంత ఓపికగా మాటలాడుదుమో తలచుకొనవలెను.

పరభాషా పదములను స్వీకరించునప్పుడు మనుష్యులు చేసిన పనియు యంత్రము చేసిన దానికి భిన్నము కాదు. మన కార్యాలయమున చెల్లించు ఫీజు అను మాట ఇంగ్లీషు బహువచనమునుండి వచ్చినది. మన చెవి దానిని ఏకవచనముగా గ్రహించి ఫీజులు అని మరల బహువచనము చేసికొన్నది. సాక్సులు అనుటయు నట్లే. ఇందుకు సిగ్గుపడనక్కఱలేదు. ఇంగ్లీషువారికి పూర్వము బఠాణికి పీజ్ అనునదే పేరు. చివరి ధ్వనిని బహువచన ప్రత్యయమని భ్రమపడి పీ అను క్రొత్త ఏకవచనమును వారు కల్పించుకొనిరి. చెఱ్ఱీ పండు పేరును ఫ్రెంచి పదమునుండి అట్లే చెక్కుకొనిరి. ఆ తప్పులే నేడు వారి నిఘంటువులలో సాధురూపములు.

మన పాఠశాలవారు ఎఱిగిన ఉదాహరణము వేఱొకటి కలదు. హెబ్రీ భాషయందు ఈమ్ అనునది పుంలింగ బహువచన ప్రత్యయము. చెరుబ్ ఒక్కడు, చెరుబిమ్ పలువురు. 1611 నాటి ఇంగ్లీషు బైబిలునందు ఆ బహువచనముపై మరల ఎస్ చేర్చి చెరుబిమ్స్ అని వ్రాసిరి, బహువచనమునకు బహువచనమన్నమాట. తెలుగు అనువాదకులో, హెబ్రీ ప్రత్యయమును విడిచి, కెరూబు అను ఏకవచనమును నిలిపి, దానిపై మన లు చేర్చి కెరూబులు అనిరి. ఏ యంత్రమును లేని కాలమున చేసిన ఈ పని నిర్దుష్టముగా నున్నది. ఊరీము తుమ్మీము అనుచోట మాత్రము ఆ ఈమును అట్లే యుంచిరి. అవి పేర్లుగా నిలిచిపోయినవి గనుక నిలుపుటయే ఉచితము. ఎచ్చట తీయవలెనో, ఎచ్చట ఉంచవలెనో తెలిసినవారి చేతి పని యిది.

తెలుగునకు ఇట్టి యంత్రమును కట్టునప్పుడు ఇంగ్లీషువారికి లేని యాపద యొకటి మనకు కలదు. వారికి బహువచనమనగా లెక్క. మనకు లెక్కయును, మర్యాదయును. "నాన్నగారు వచ్చినారు" అను వాక్యమున వచ్చినవారు ఒక్కరే. క్రియ మాత్రము బహువచనము. కర్త ఒక్కడే గదా యని యంత్రము క్రియను ఏకవచనముగా దిద్దినచో, తండ్రిని "వచ్చినాడు" అనిపించినట్లగును. ఏ కుమారుడు తన తండ్రి యెదుట అట్లు పలుకును? ఇంగ్లీషునుండి తెలుగునకు యంత్రముచే మార్చబడిన వ్రాతలలో పెద్దలను వాడు, వీడు అన్నట్లు కనబడు వాక్యములు నేను చూచియున్నాను. ఫోనులో అట్టి వ్రాతలనే దినదినమును చదివి పెరుగు బిడ్డకు, ఆ రూపమే సహజమని తోచు దినము రాదని యెవరు చెప్పగలరు? తల్లిదండ్రులు నన్నడిగిన ప్రశ్నకు నా ముఖ్యమైన ప్రత్యుత్తరము ఇదియే.

ఇటీవలి యంత్రములు నియమములపై గాక, అపారమైన వ్రాతలను చూచి, సందర్భమునుబట్టి మాటలను గ్రహించుచున్నవి. ఆకులకును సెలవులకును గల భేదమును అవి చాలవఱకు సరిగానే చెప్పుచున్నవి. ఇది ఒప్పుకొనవలసిన మాట. కాని వానికి ఆహారము వ్రాతయే. ఇంగ్లీషున ఉన్నంత వ్రాత వానికి తెలుగున దొరకదు. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల నోటి మాట అంతకన్నను దొరకదు. తెలుగు పదములను విడదీసి చూపు సాధనములకై హైదరాబాదు విశ్వవిద్యాలయపు భాషాశాస్త్రజ్ఞులు కృషి చేసిరి. అయినను ఊరి మాటను ఊరివారే అందింపవలెను.

ఈ పని మన సీమకు క్రొత్త కాదు. శ్రీకాకుళము ప్రాంతమున 1863లో జన్మించిన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండి, కొండలలోని సవరల భాషను వారి నోటినుండియే నేర్చుకొని, 1931లో దాని వ్యాకరణమును, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువును ప్రకటించిరి. లిపియే లేని భాషకు నిఘంటువు కూర్చువాడు, వినబడు ప్రతి రూపమును వెనుకకు నడిపించి, దేనిని మూలముగా నుంచవలెనో తానే నిర్ణయింపవలెను. నేడు యంత్రముచే చేయింపజూచు పనిని వారు చెవితోను కలముతోను చేసిరి. వ్యావహారికమునకై జీవితమంతయు పోరాడిన ఆ మహనీయుని గ్రాంథికమున పొగడుట చూచి కొందఱు నవ్వవచ్చును. ఈ సంచికకు ఈ భాషయే అలవాటు. పంతులుగారు క్షమింతురని తలంచెదను.

కనుక రాబోవు సంవత్సరమున ఇంగ్లీషు వచనముల పట్టికను కంఠస్థము చేయించుటకు బదులు, విద్యార్థులచేతనే నియమములు వ్రాయింపవలెనని నా సూచన. ఒక జట్టు నియమము వ్రాయును. వేఱొక జట్టు దానిని ఓడించు మాటను తెచ్చును. ఓడిన నియమమును సవరింపవలెను. దీనికి కంప్యూటరు గది తాళము తీయనక్కఱలేదు, కాగితము చాలును. సాఫ్ట్‌వేరు నేర్వగోరువారు తరువాత దానినే యంత్రమునకు బోధింపవచ్చును. పరీక్షలలో మార్కులు తగ్గునని భయపడు తల్లిదండ్రులకు ఒక్క మాట: తన నియమమును తానే ఓడించుకొన్న పిల్లవాడు ఆ అపవాదమును పరీక్షనాడు మఱచిపోడు.

తెలుగు విషయమై పని ఇదివఱకే మొదలైనది. ఇంటిలో అవ్వలు, తాతలు పలుకు బహువచనములను, ప్రక్కనే వాని ఏకవచనములను వ్రాసి తెమ్మని తొమ్మిదవ తరగతివారికి చెప్పితిని. పలాస వైపువారు జీడిపిక్కలతో మొదలుపెట్టినారు. ఒకటికంటె ఎక్కువ ఏకవచనములు గల మాటలకు ఎఱ్ఱసిరాతో గీత గీయవలెనని నిర్ణయించుకొన్నాము. మొదటి నోటుపుస్తకము గ్రంథాలయమున ద్వారమునకు ఎడమనున్న బీరువాలో నున్నది. అందు చోటు తఱుగుచున్నది గనుక, సెలవుల తరువాత వచ్చు తల్లిదండ్రులెవరైనను నూఱు పుటల గీతలపుస్తక మొకటి తెచ్చియిచ్చిన సంతోషింతుము.